నలుగురికే చోటు

కుదరదంటే కుదరదు, పెద్ద డాక్టరుగారు తన గదిలోకి గోడంత టీవీ తెప్పించుకున్నంత మాత్రాన ఆస్పత్రి నెట్ లైను కూడా గోడంత లావెక్కిపోతుందా, ఆ మాట పొద్దున్నే ఆయన మొహం మీదే చెప్పేసింది, కాస్త మెత్తగా చెప్పి ఉండాల్సిందేమో, ఏం మెత్తన, మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా, తనిఖీవాళ్లు వస్తున్నారమ్మా, అన్ని అంతస్తుల కెమెరాలూ నా గదిలో తళతళలాడుతూ కనబడాలి అన్నాడాయన, అన్నీ నిండు బొమ్మతో మీ గదికే తోడేస్తే గేటు దగ్గర గార్డు తెర బిగుసుకుపోతుంది సార్, అంబులెన్సు వచ్చి నిలబడినా అతనికి ఖాళీ గేటే కనబడుతుంది అంది తను, అయితే లిమిట్ పెంచు అన్నాడు, కాఫీలో ఇంకో చెంచా చక్కెర వెయ్యమన్నంత తేలిగ్గా, పెరగదు సార్, ఒక్కో కెమెరా ఒకేసారి ఇంతమందికే బొమ్మ ఇస్తుంది, లైను ఇంతే మోస్తుంది, మీకు గోడ కావాలా గేటు కావాలా చెప్పండి అంటే ఆయన మొహం గంటు పెట్టుకుని వెళ్లిపోయాడు, లిమిట్ మేడం మళ్లీ గెలిచింది అని వెనకాల ఎవరో నవ్వారు, ఆ పేరు పెట్టింది ఎవరో గాని తనకు నచ్చింది, సొంత పేరు ఎవరో ఇచ్చింది, ఇది కష్టపడి సంపాదించుకున్నది, ఇప్పుడీ కెమెరాల కంట్రోల్ రూములో ఏసీ చలికి శాలువా భుజాల మీదకు లాక్కుని, తెరల మీద వరండాలూ మెట్లూ మందుల కౌంటరూ ఎవరి వాటా వాళ్లు తీసుకుని బుద్ధిగా కదులుతుంటే ఓ చూపు చూసుకుని, సరే, ఇక్కడ అంతా సవ్యంగానే ఉంది, ఇక మన పిచ్చుక ఏం చేస్తోందో అని ఫోను తీసి ఇంటి కెమెరా యాప్ నొక్కింది, తెర మధ్యలో గుండ్రం తిరిగీ తిరిగీ చివరికి అది చెప్పిన మాట ఏమిటంటే, గరిష్ఠ వీక్షకుల సంఖ్య పూర్తయింది, తర్వాత ప్రయత్నించండి. తన ఇల్లు, తన కూతురు, తనకే చోటు లేదట.

పిచ్చుక అంటే కూతురే, ఐదో తరగతి, రాత్రంతా జ్వరంతో మూలిగింది, పొద్దున కాస్త చల్లబడింది, భర్త వేరే ఊళ్లో మీటింగుల్లో ఉన్నాడు, రాత్రికి గాని రాడు, తనిఖీ రోజున సెలవు అడిగితే పెద్ద డాక్టరుకు ఇంకో డాక్టరు కావాల్సి వస్తుంది, పక్కింటావిడకు తాళంచెవి ఇచ్చి మధ్యలో ఓసారి తొంగిచూడమని బతిమాలి, హాల్లో సోఫా మీద పక్క వేసి, ఇక్కడే పడుకో తల్లీ, కెమెరాలోంచి అమ్మ నిన్ను చూస్తూనే ఉంటుంది అని మాటిచ్చి వచ్చింది, మాటిచ్చింది, అసలీ కెమెరా తను కోరి తెచ్చుకున్నదా, ఎదురింటి తాళం ఎవరో పగలగొట్టారని తలుపు బయట ఒకటి పెట్టాడు భర్త, అది న్యాయం, ఎవరూ కాదనరు, తర్వాత తనొకరోజు పాలు పొయ్యి మీద పెట్టి మరచిపోయింది, పొంగి మంట ఆరి ఇల్లంతా గ్యాసు వాసన, ఆ ఒక్క రోజు మరుపుకు హాల్లో రెండోది వెలిసింది, హాలూ వంటిల్లూ రెండూ కనబడేలా, తను ఏమీ అనలేదు, మౌనం అర్ధాంగీకారం అంటారు గాని ఈ ఇంట్లో అది పూర్తి అంగీకారమే, ఆ తర్వాత అమ్మ ఒక్కత్తే ఉంటోంది, పొద్దుపోదు, మనవరాలిని చూసుకుంటుంది పాపం అని పాస్‌వర్డ్ అత్తగారికి వెళ్లింది, అత్తగారి నుంచి ఆడపడుచుకు, ఆడపడుచు నుంచి బావగారికి, చనువిస్తే చంకెక్కినట్టు నలుగురూ కుదురుగా ఎక్కి కూర్చున్నారు, ఆ కెమెరా ఒకేసారి ఇచ్చేది నలుగురికే, పైగా వీళ్లకు ఒక భయం, ఒకసారి కట్టేస్తే మళ్లీ దొరకదేమోనని ఎవరూ యాప్ మూయరు, బస్సు సీటు మీద రుమాలు వేసి టీ తాగడానికి దిగినట్టు, అది తెరిచి పెట్టేసి వాళ్ల పనులు వాళ్లు చేసుకుంటారు, అత్తగారు చక్కెర డబ్బాకు టాబ్ ఆనించి నిద్రపోతుంది, బావగారి దుకాణంలోనైతే ఆయన షాపు కెమెరాల పక్కనే ఒక గడిలో మన హాలు, ఆ సంగతి తోటికోడలే నవ్వుతూ చెప్పింది, మీ ఇల్లు మా కౌంటర్లో భలే కనబడుతోందే అని, అంటే చిల్లర కోసం నిలబడ్డ ప్రతివాడికీ తను ఇల్లు తుడవడం కనబడుతోందన్నమాట, ఆ రోజు నుంచి వీపు దురద పెడితే స్నానాలగదిలోకి వెళ్లి గోక్కుంటోంది, నవ్వొస్తుంది గాని నిజం, అమ్మాయ్, ఆ గిన్నె అంతసేపు తోమితే అరిగిపోతుందే అంటుంది అత్తగారు ఫోనులో, నిన్న ఒక్కదానివే కూర్చుని తిన్నావేం అంటుంది ఆడపడుచు, ఓసారి ఒళ్లు మండి బొమ్మ నాణ్యత తగ్గించి పెడితే మీ మొహాలన్నీ పిండిముద్దల్లా ఉన్నాయని అత్తగారు గోల, అన్నం కూడా తినలేదట, భర్త తల పట్టుకుని, నీకు తెలిసిన పనేగా, మామూలుగా పెట్టేయ్, ఎందుకొచ్చిన గొడవ అన్నాడు, పెట్టేసింది, ఇప్పుడు తోటికోడలికి కూడా కావాలట, అందుకని ఇంకా ఎక్కువమంది చూడగలిగే కెమెరా కొన్నాడు, రాత్రి వచ్చేటప్పుడు తెస్తున్నాడు, ఆదివారం నువ్వే బిగించెయ్, లైను కూడా పెద్దది చేయించు అని నిన్న పడుకోబోయే ముందు ఫోనులో చెప్పాడు, తన ఉరితాడు తనే పేనుకోవాలి, ముడి కూడా గట్టిగా వెయ్యాలి. సరే అని ఫోను పెట్టేసి దీపం ఆర్పింది నిన్న.

పోనీ మాట్లాడదాం అని ఇంట్లో పిచ్చుక దగ్గరుంచిన పాత ఫోనుకు చేసింది, సిమ్ము లేదు దానికి, వైఫై మీదే దాని బతుకు, పిల్ల వెంటనే ఎత్తింది, అ... మ్మ... నా... అంటూ ముక్కలు, ఏంటమ్మా, గట్టిగా చెప్పు, నీళ్లు తాగావా అంటే ...లే... గా... అని ఏదో, ఆపైన గరగర, ఆపైన ఏమీ లేదు, తన గొంతు దానికి చక్కగా వినిపిస్తూ ఉంటుంది, అదీ విచిత్రం, ఇళ్లకిచ్చే లైన్లన్నీ ఇంతే, లోపలికి వచ్చేదానికి రాచబాట, బయటికి వెళ్లేదానికి కాలిబాట, ఆ కాలిబాట పొడుగునా నలుగురికి నాలుగు నిండు బొమ్మలు మోసుకెళ్లే బళ్లు బారులు తీరి ఉంటే పసిదాని గొంతు ఎక్కడ దూరుతుంది, ఆ ఇంట్లో పిల్లకు చెప్పడానికి అందరికీ దారి ఉంది, పిల్ల చెప్పేదానికే లేదు, చేతులు వాటంతటవే ఇంటి రౌటర్‌లోకి వెళ్లాయి, అవునూ, ఎవరికెంత బొమ్మ పోతోందో చూపే నాలుగు గీతలు, నాలుగూ నిండుగా, భర్త, అత్తగారు, ఆడపడుచు, బావగారు, వరసగా కూర్చున్నారు, కదలని గదికి బొమ్మ బరువు తక్కువ, మనిషి కదిలితే పెరుగుతుంది, ఏళ్ల తరబడి చూసినవాళ్లకు బొమ్మ లేకపోయినా ఆ గీతల్లో నాడి దొరుకుతుంది, ఇందాకటిదాకా బల్లపరుపుగా ఉన్న నాలుగు గీతలూ ఉన్నట్టుండి పైకి లేచాయి, పడ్డాయి, మళ్లీ లేచాయి, హాల్లో ఏదో కదులుతోంది, పిచ్చుక లేచిందా, అంతలా ఎందుకు కదులుతుంది, ఎవరైనా వచ్చారా, పక్కింటావిడకు చేస్తే బజారులో ఉన్నానమ్మా, ఇందాకే చూసి వచ్చాను, పడుకునే ఉంది అంది, ఇందాక వేరు ఇప్పుడు వేరు, భర్తకు చేస్తే గుసగుసగా, మీటింగులో ఉన్నానే, ఏమండీ, ఒక్క నిమిషం మీ కెమెరా కట్టెయ్యండి, నాకు దొరకడం లేదు, ఎలా కట్టను, ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉంది, దాని మీద ప్రెజెంటేషన్ నడుస్తోంది, అందరి ముందూ మన హాలు తెర మీదికొస్తుంది, అయినా నేను చూస్తూనే ఉన్నాగా, దేన్ని చూస్తున్నారు, ప్రెజెంటేషన్నా అని నోటిదాకా వచ్చింది, పెట్టేశాడు, అత్తగారి ఫోను మోగీ మోగీ ఆగింది, మధ్యాహ్నం నిద్ర, బావగారు ఎత్తి, కౌంటర్లో జనం ఉన్నారమ్మా మళ్లీ చేస్తా అన్నారు, చివరికి ఆడపడుచు ఎత్తింది, వదినా, పిల్ల ఏం చేస్తోంది, మీకు కనబడుతోందా, ఓ, బ్రహ్మాండంగా కనబడుతోంది, జ్వరమన్నావు, సోఫా ఎక్కి గంతులేస్తోంది నీ కూతురు, బడి ఎగ్గొట్టడానికి కాకపోతే ఏం జ్వరం, నేనిప్పుడే ఫోను చేసి నాలుగు పెట్టాను, వదినా, మీరొకసారి కట్టేస్తే నేను చూసుకుంటాను, అమ్మో, నేను తీస్తే మళ్లీ దొరకదు, నీ తోటికోడలు కాచుకుని కూర్చుంది, ఆవిడ దూరిపోతే, నీకేం కావాలో అడుగు, నేను చూసి చెబుతాను అంది. తన కూతురు ఎలా ఉందో తనకు చూసి చెబుతుందట, అదేదో దూరదేశపు వార్త అయినట్టు.

ఇక చాలు, కెమెరా సెట్టింగుల పేజీలో కింద ఒక చిన్న గడి ఉంటుంది, పాస్‌వర్డ్ మార్చి ఉన్నవాళ్లందరినీ తెంచెయ్యి అని, ఎప్పటినుంచో అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు, వేలు దాని మీద పెట్టి ఆగింది, అత్తగారు అన్నం మానేస్తుంది, ఆడపడుచు ఊరంతా చెబుతుంది, భర్త మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటాడు, నలుగురూ ఏమనుకుంటారు, ఆ నలుగురు ఎవరో ఇన్నాళ్లకు తెలిసింది, లెక్క కూడా సరిగ్గా సరిపోయింది, నవ్వొచ్చింది, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, తను రచ్చలో గెలిచిన కప్పులన్నీ తెచ్చి ఇంట్లో అంట్లలో పడేస్తోంది, పెద్ద డాక్టరు కళ్లలోకి చూసి కుదరదు అనగలిగిన నోటికి ఇంటి గడప దగ్గర ఏ పక్షవాతం వస్తుందో, ఇంతకాలం మంచిదాన్ననిపించుకుని బావుకున్నదేమిటి, నొక్కింది, నాలుగు గీతలూ దారం తెగినట్టు నేలకు పడ్డాయి, వెంటనే యాప్ తెరిస్తే తన ఇల్లు, తనకు తలుపు తీసింది, హాలు, సోఫా, సోఫా మీద ఎవరూ లేరు, దుప్పటి కిందకు జారి ఉంది, నీళ్ల గ్లాసు పక్కకు ఒరిగి ఉంది, వంటింట్లో లేదు, తలుపు వేసే ఉంది, పిచ్చుకా అని కెమెరా మైకులో పిలిచింది, పాత ఫోనుకు మళ్లీ చేసింది, ఎవరూ పలకలేదు, తెరలు పక్కనున్న కుర్ర ఆపరేటర్‌కు అప్పజెప్పి పరిగెత్తింది, మెట్ల దగ్గర పెద్ద డాక్టరు, ఎక్కడికమ్మా, తనిఖీవాళ్లు లిఫ్టులో ఉన్నారు అన్నాడు, ఇంటికి సార్, ఇప్పుడా, ఇప్పుడే సార్ అని ఆయన పక్కనుంచే దిగిపోయింది, ఉద్యోగం పోతే పోనీ, ఇంకో చోట ఇంకో గోడకు ఇంకో లిమిట్ చెప్పుకుంటుంది, ఆటోలో కూర్చోగానే ఫోను మోగడం మొదలుపెట్టింది, ముందు ఆడపడుచు, తర్వాత బావగారు, కౌంటర్లో జనం అంత తొందరగా అయిపోయారు కాబోలు, తర్వాత అత్తగారు, నిద్ర కూడా తేలిపోయింది, ఫోనులో పిల్ల గొంతు ముక్కలు ముక్కలైనప్పుడు ఒక్కరికీ తోచలేదు, తెర నల్లబడగానే అందరికీ మెలకువొచ్చింది, ఎవరిదీ ఎత్తలేదు, కాస్త తొందరగా పోనీ బాబూ, పోనిస్తున్నానమ్మా, సిగ్నలు నా చుట్టమా ఏమన్నా అన్నాడు ఆటో అతను. ఆ సిగ్నలు దగ్గర ఆకుపచ్చ దీపం ఎప్పటికీ పడదనిపించింది.

తాళం తీసి లోపలికి దూసుకెళ్లింది, పిచ్చుకా, పిచ్చుకా, పడకగదిలో లేదు, స్నానాలగదిలో వాంతి వాసన, కుళాయి సరిగ్గా కట్టలేదు, కడగడానికి ప్రయత్నించినట్టుంది పాపం, చిన్న చిన్న తడి పాదాలు అక్కడినుంచి హాల్లోకి వచ్చాయి, హాల్లో ఎక్కడా లేదే అని తల తిప్పితే, అమ్మా, నేనిక్కడ అని గోడ మూలనుంచి సన్నటి గొంతు, సరిగ్గా కెమెరా కింద, గోడకూ పుస్తకాల బీరువాకూ మధ్య మోకాళ్లు ముడుచుకుని ఒక పిల్ల పట్టేంత సందులో దిండు వేసుకుని జ్వరం మగతలో పడుకుని ఉంది, ఒళ్లు పెనంలా కాలుతోంది, గుండెకు హత్తుకుంది, మందు పట్టింది, నీళ్లు తాగించింది, తడిగుడ్డ నుదుటి మీద వేసింది, అప్పుడు గాని ఆ సందులో ఏముందో కళ్లకు ఆనలేదు, రంగు పెన్సిళ్లు, సగం కొరికిన బిస్కెట్టు, కొన్నాళ్లుగా ఇల్లంతా వెతికిన తన పాత చున్నీ, రెండు కథల పుస్తకాలు, గోడ మీద కింద పక్కగా, పెద్దవాళ్లకు కనబడనంత కింద, వేసిన బొమ్మలు, ఇవన్నీ ఒక్క రోజులో చేరినవి కావు, ఎప్పట్నుంచే ఇక్కడ అంటే, ఎప్పట్నుంచో, ఇది నా చోటు, ఇక్కడ కనబడను, నాన్న ఫోనులో చూశా, ఈ మూల రాదు అంది, నీకు కనబడలేదా అమ్మా, వాంతి వచ్చేలా ఉంటే నీకు చెయ్యి ఊపాను, నువ్వు చూడలేదేమోనని సోఫా ఎక్కి రెండు చేతులూ ఊపాను, అప్పుడు ఫోను మోగితే నువ్వే అనుకున్నా, అత్త, ఏంటా కోతిగంతులు, అందరూ చూస్తున్నారు, గౌను సరిచేసుకుని బుద్ధిగా పడుకో అంది, వాంతి వస్తోందత్తా అన్నా, అత్తకు వినబడలేదు, వినబడదమ్మా, దారి లేదు అనబోయి ఆగింది తల్లి, ఏం చెబుతుంది, గీతలు లేచినప్పుడు చూసింది తను, లేచి, పడి, మళ్లీ లేచాయి, ఆ గీతలు ఈ పిల్ల రెండు చేతులు, పనిలో ఉన్నావేమోలే అనుకున్నా అంది పిచ్చుక, పెద్దదానిలా, సర్దిచెబుతున్నట్టు. ఆ సర్దిచెప్పడం ఎవరిని చూసి నేర్చుకుందో తల్లికి తెలుసు.

ఫోను మళ్లీ మోగింది, ఈసారి భర్త, ఆ సందులోనే పిల్ల తల ఒళ్లో పెట్టుకుని, వీపు బీరువాకు ఆనించి ఎత్తింది, ఏమైంది, అందరికీ నల్లగా వస్తోందట, అమ్మ కంగారు పడిపోతోంది, లైను పోయిందా అన్నాడు, లైను బాగానే ఉంది, నేనే తెంచేశాను, నువ్వా, ఎందుకు, అదీ పిల్లకు బాగాలేని రోజు, ఇంతమంది ఒక కన్నేసి ఉంచుతుంటే, వేశారు, పిల్ల వాంతి వస్తోందని చేతులూపితే వదిన కోతి అన్నారు, మీరు దాని మీద ప్రెజెంటేషన్ వేశారు, అత్తయ్య నిద్రపోయారు, బావగారు చిల్లర లెక్కపెట్టుకున్నారు, నలుగురు చోటు పట్టుకుని కూర్చుంటే కన్నతల్లిని నాకు దొరకలేదు అంది, గొంతు పెంచలేదు, పెంచాల్సిన పనే కనబడలేదు, ఇప్పుడెలా ఉంది అన్నాడు, నిజంగానే అడిగాడు, అది ఒప్పుకోవాలి, జ్వరంగా ఉంది, నా ఒళ్లో ఉంది, సరే, రాత్రికి కొత్తది తెస్తున్నాగా, అందులో పదిమంది దాకా చూడొచ్చు, నీకూ చోటు ఉంటుంది, తేకండి, కొన్నానే, తిరిగి ఇచ్చేయండి, లేదా బావగారి దుకాణంలో పెట్టించండి, తలుపు బయటది ఉంచుతాను, ఈ లోపలిది మీరు వచ్చేలోపు గోడ మీద ఉండదు, అదేం మాట, ఎవరినీ అడగకుండా, నన్ను అడిగి పెట్టారా అంది, అతను పాతకాలం ఆయుధం బయటికి తీశాడు, మరి అమ్మకు ఏం చెప్పమంటావ్, ఈ మాట దగ్గరే ప్రతిసారీ తను కరిగిపోయేది, పాపం ముసలావిడ, పాపం ఆయన, పాపం అందరూ, ఈసారి ఒళ్లోని వేడి తల కరగనివ్వలేదు, చూడాలనిపిస్తే రమ్మనండి, బస్సెక్కి వచ్చి పిల్ల పక్కన కూర్చుని చూడమనండి, మందు పట్టమనండి, ఎన్నాళ్లైనా ఉండమనండి, దానికి లిమిట్ లేదు, అని పెట్టేసింది, ఉదయం ఆస్పత్రిలో ఎంత ధీమాగా ఉందో అంతే ధీమాగా ఉంది, పిల్లను మెల్లగా ఎత్తి సోఫా మీదకు చేర్చబోతే అది కళ్లు మూసుకునే తన చున్నీ కోసం తడుముకుంది, వద్దమ్మా, అక్కడ కనబడతాను అంది, ఎవరికీ కనబడవు తల్లీ అని పడుకోబెట్టి, కుర్చీ లాక్కుని ఎక్కింది, మరలు బిగుసుకుపోయి ఉన్నాయి, కూరగాయలు కోసే చాకు మొనతోనే తిప్పింది, వేలు కాస్త గీరుకుంది, కెమెరా వైరుతో సహా చేతిలోకి వచ్చింది, ఇంతేనా, గుప్పెడంత, దీనికి ఇంతకాలం ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరిని ఎక్కడ తగ్గించాలి, ఎవరికి కోపం రాకుండా ఎలా సర్దాలి అని లెక్కలు వేసింది, అసలు ఇవ్వాలా అని ఒక్కనాడూ అడగలేదు, గోడ మీద నాలుగు కన్నాలు మిగిలాయి, కింద సోఫా మీద పిచ్చుక ఒక కాలు సోఫా చెయ్యి మీదకు విసిరి, ఒక కాలు కిందకు వేలాడేసి, నోరు తెరుచుకుని, గౌను మోకాళ్ల పైకి పోయి, ఎవరు చూసినా తిట్టేలా పడుకుంది, దాన్ని సరిచెయ్యబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని తల్లి కుర్చీ దిగింది, వాళ్లు రానీ, రాకపోనీ, అలగనీ, ఊరంతా చెప్పుకోనీ, ఒక్క సంగతి మాత్రం ఖాయం, ఈ ఇంట్లో ఇక తన పిల్ల దాక్కోదు.